మాటిమాటికి దిగిపోవు కారు బ్యాటరీ

కారు బ్యాటరీని గూర్చి తెలుగు పండితుడొకడు ప్రసంగించుట యేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నేను ముప్పదియైదు సంవత్సరములు బడిపిల్లలకు సంధులును సమాసములును చెప్పి విశ్రాంతి పొందినవాడను. యంత్రవిద్య గురుముఖమున నేర్చినవాడను గాను. అయినను బాల్యమున తర్కసంగ్రహము చదువుకొన్నవానికి ఒక యలవాటు పోదు. కార్యమును జూచినంతనే దానికి కారణమేది యని వెదకుట, పలు కారణములు తోచినచో నొక్కొక్కదానిని పరీక్షించి త్రోసివైచి మిగిలినదానిని పట్టుకొనుట, ఇదియే యా యలవాటు. దీనిని మా తార్కికులు పరిశేషమందురు. తెల్లవాఱుజామున తాళముచెవి త్రిప్పగా కారు టకటకమని రెండుమార్లు పలికి యూరకుండుటయు నొక కార్యమే. దానికి కారణము బ్యాటరీయే యని తలంచి వెంటనే క్రొత్తది కొనువారు మన సీమలో పెక్కుమంది యున్నారు. వారి ధనము కొంతయైన మిగులునేమో యను తలంపుతో ఈ ప్రసంగమునకు పూనుకొన్నాను.

మన సీమ యనగా గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి భూములు. 2022వ సంవత్సరమున జిల్లాలు విడిపోయి పల్నాడనియు బాపట్ల యనియు క్రొత్త జిల్లాలు వెలసినవి గాని, ప్రత్తి తీయువారికిని మిరపకాయ కోయువారికిని సీమ యొక్కటియే. ఇచ్చటి కార్ల నడవడి పట్టణపు కార్ల నడవడి వంటిది కాదు. మిరపకాయలు గుంటూరు యార్డుకు చేరు దినములలో కారునకు విశ్రాంతి యుండదు. ఆ సందడి తీరిన పిమ్మట వారము పదిదినములు వేపచెట్టు క్రింద కదలక నిలిచియుండును. ఈ నిలుచుటలోనే దాని రోగము బయటపడును.

పర్చూరు ప్రాంతమున నా శిష్యుడొకడు కారు బాడుగకు త్రిప్పుకొని బ్రదుకుచున్నాడు. ఎకరమున్నర ప్రత్తిచేను గలదు గాని దాని రాబడి అప్పులకే చాలదు. కారే యతనికి జీవనాధారము. అతని బాడుగలలో తప్పరానిది యొకటి కలదు. ఆ యూరి వృద్ధురాలొకతెకు మూత్రపిండములు చెడినవి. వారమునకు రెండుమార్లు గుంటూరులో నామెకు రక్తశుద్ధి జరుగవలెను. తెల్లవాఱుజామున నాలుగు గంటలకు బయలుదేరిన గాని వేళకు చేరలేరు. ఒక సోమవారమున కారు కదలలేదు. ఆ చీకటిలో ఆటో పిలిచి, చిలకలూరిపేట చేరి, అచ్చట బస్సెక్కి గుంటూరు పోవునప్పటికి ఆమె వంతు వేఱొకరికి పోయినది. రాత్రి తొమ్మిది గంటలకు గాని మరల యంత్రము ఖాళీ కాలేదు. అప్పటికామెకు ఊపిరి యాడుట కష్టమైనదట. మఱునాడు నా శిష్యుడు మా యింటికి వచ్చి అరుగుమీద కూర్చుండి, "మాస్టారూ! ఏడాదిన్నరలో రెండు క్రొత్త బ్యాటరీలు వేయించితిని. ఆల్టర్నేటరు విప్పించి బాగుచేయించితిని. నిన్న ఆ ముసలమ్మ ప్రాణము నా వలన పోవలసినది. కారమ్మివేయుదును," అని కన్నీరు పెట్టుకొనెను.

"అమ్ముటకు ముందు నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పుము. దినదినము తిరిగిన వారములో నెన్నడైన దిగినదా?" అని యడిగితిని.

"లేదు మాస్టారూ. నిలిచిన తరువాతనే."

"ఎన్నాళ్లు నిలిచిన దిగును?"

"క్రొత్త బ్యాటరీ వేసిన మొదట మూడు దినములు నిలిచినను లేచెడిది. ఇప్పుడు రెండు దినములకే దిగుచున్నది."

"దిగినదానిని దుకాణమునకు తీసికొనిపోయినపుడు వారేమనిరి?"

"రాత్రియంతయు చార్జింగు పెట్టి, మీటరుతో చూచి, దీనిలో లోపము లేదని తిరిగి యిచ్చిరి."

"బ్యాటరీ తీగ విప్పి యెన్నడైన కారును నిలిపితివా?"

అతడు కొంత యాలోచించి, "ఒకమారు శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు చుట్టములతో పోవుచు, పిల్లలు తాళముచెవి త్రిప్పుదురేమో యని నల్లతీగ విప్పి పోయితిని. అయిదు దినములకు వచ్చి తగిలింపగానే సెల్ఫు తీసికొన్నది," అనెను.

శ్రోతలారా! ఈ కడపటి మాట విన్నంతనే నాకు సగము భారము దిగినది. తీగ తగిలియున్నపుడు రెండు దినములకే దిగుచున్నది. తీగ విప్పినపుడు అయిదు దినములైనను దిగలేదు. అన్వయవ్యతిరేకములనగా నివియే. బ్యాటరీ తనలో తాను చెడినదైనచో తీగ విప్పినను దిగవలెను. కావున దొంగ బ్యాటరీలో లేడు, కారులో నున్నాడు. ఇరుగుపొరుగువారు మాత్రము వేపచెట్టు నీడ మంచిది కాదనియు, చలికాలమున బ్యాటరీలన్నియు నింతియేననియు చెప్పియుండిరి. కుండకు కారణములు చెప్పుమనిన మన్ను మోసిన గాడిదను గూడ చెప్పుట తగదని మా తర్కగ్రంథములలో నొక ముచ్చట కలదు. ఆ వేపచెట్టు అట్టి గాడిద.

ఇక బ్యాటరీ యనగానేమో రెండుమాటలలో చెప్పెదను. 1859వ సంవత్సరమున గాస్తోన్ ప్లాంతే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సీసపు రేకులను గంధకికామ్లమున ముంచి, విద్యుత్తును నిలువచేసి మరల తీసికొనవచ్చునని చూపెను. నేటి కారు బ్యాటరీ దాని సంతతియే. అందు ఆరు గదులు. ఒక్కొక్క గది రెండు వోల్టులకించుక యెక్కువ. మొత్తము పండ్రెండని వాడుక. విద్యుత్తు వెడలునపుడు రేకులపై సీసపు లవణము తెల్లగా పేరుకొనును. మరల విద్యుత్తెక్కించిన నది కరగి పూర్వస్థితి వచ్చును. అయితే దిగిన బ్యాటరీని దిగినట్లే దినములకొలది యుంచినచో ఆ లవణము గట్టిపడి, పిమ్మట నెంత విద్యుత్తెక్కించినను పూర్తిగా కరగదు. అట్లు బ్యాటరీలో పట్టు చోటు తగ్గిపోవును. మూడు దినములు రెండైనది యిందువలననే. దొంగ యెప్పటివాడే, దోచుకొనబడువాని కలిమి తగ్గినది.

మన యూళ్లలో సాగరు కాలువనీటితో నింపుకొను మంచినీటి చెరువులున్నవి గదా. చెరువు ఎండిన ననుమానింపవలసినవి మూడు. కాలువనుండి నీరు రాలేదా? కట్టలో లోపమున్నదా? లేక రాత్రివేళ నెవరైన ఇంజను పెట్టి తోడుకొనుచున్నారా? బ్యాటరీ విషయమున కాలువ ఆల్టర్నేటరు, కట్ట బ్యాటరీయే, రాత్రి తోడుకొనువాడు, కారు నిలిచియున్నను విద్యుత్తును త్రాగుచుండు నేదో యొక దీపమో, పెట్టెయో. పాత అంబాసిడరు కార్లలో నిట్లు త్రాగునవి తక్కువ. బ్యాటరీ దిగినను ముందు హేండిలు వేసి త్రిప్పుకొనెడివారు. ఇప్పటి కార్లలో చిన్న గణకయంత్రములు నాలుగైదుండి, నిదురలో గూడ కొంత త్రాగుచుండును. ఆ మాత్రము సహజమే. తాళము వేసి కొంతసేపైన పిమ్మట 50 మిల్లీయాంపియర్లకు లోబడియున్నచో దానిని తప్పుగా నెంచరాదు.

నా శిష్యునిచేత ఒక మల్టీమీటరు కొనిపించితిని. అది కొలది వందల రూపాయలకే దొరకును. ఊరిలో నొక ఎలక్ట్రీషియను కుఱ్ఱవానిని గూడ పిలిచితిమి. అతడు నా బడిలో చదివినవాడే, సంధి సూత్రములు రానివాడు, చేతిపని మాత్రము చక్కగా వచ్చినవాడు. మొదట టెర్మినళ్లను జూచితిమి. మీరును మొదట చూడవలసినవి యవియే. వానిపై పచ్చగనో తెల్లగనో పొడి పేరుకొన్నచో విద్యుత్తు లోనికిని పోదు, వెలుపలికిని రాదు. బ్యాటరీ నిండుగ నున్నను చచ్చినట్లే తోచును. పదవ నంబరు పానాతో ముందు నల్లతీగయు తరువాత ఎఱ్ఱతీగయు విప్పి, వంటసోడా కలిపిన నీటితో కడిగి, గరుకు కాగితముతో రుద్ది, తుడిచి, మరల బిగింపవలెను. బిగించునపుడు నల్లతీగ కడపట. ఏలయన, పానా బాడీకి తగిలినను నిప్పురవ్వలు లేవకుండును. ఇంజనునుండి బాడీకి పోవు ఎర్తు పట్టీని గూడ చూడుడు. అది సడలియుండుట పెక్కుమార్లు గమనమునకు రాదు.

తరువాత బ్యాటరీని రాత్రియంతయు చార్జింగు పెట్టి, కొన్ని గంటలు ఊరక నిలిపి కొలిచితిమి: 12.6 వోల్టులు. ఇది నిండు బ్యాటరీ లక్షణము. 12.2 అనిన సగమే యున్నదనుకొనవలెను. 12కు దిగువ ననిన ఇంచుమించు దిగినట్లే. సెల్ఫు తిరుగుచున్నపుడు 9.6కు క్రిందుగ పడిన ఆ బ్యాటరీ బలము నమ్మరాదు. మూతలు గల బ్యాటరీయైన హైడ్రోమీటరుతో ఒక్కొక్క గదిని చూడవచ్చును. అయిదు గదులు బాగుండి యొక్కటి మాత్రము మిక్కిలి తక్కువ చూపినచో ఆ గది చచ్చినదన్నమాట. అప్పుడు క్రొత్తది కొనుట తప్పదు. మూత తీసి చూచునపుడు మాత్రము నోట బీడీ యుండరాదు. చార్జింగు వేళ వెలువడు హైడ్రోజను వాయువు నిప్పు సోకిన ప్రేలును. ఆమ్లము కన్నులలో పడును. నవ్వులాట కాదు.

పిదప కారును నడుపుచు అదే టెర్మినళ్ల వద్ద కొలిచితిమి: 14.2 వోల్టులు. సుమారు 13.8 మొదలు 14.6 వఱకు నున్నచో కాలువ పాఱుచున్నదని నమ్మవచ్చును. ఇంజను తిరుగుచున్నను 12.5 దగ్గఱనే యున్నచో బెల్టో ఆల్టర్నేటరో చెడినదని తెలియును. కొందరు చేయు పని యొకటి చెప్పెదను: ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగ విప్పి, కారు ఆగలేదు కనుక ఆల్టర్నేటరు మంచిదని నిశ్చయింతురు. పాత డైనమో కార్లనాటి యలవాటది. ఇప్పటి కార్లలో అట్లు చేసిన వోల్టు లొక్కసారిగా పైకెగసి గణకయంత్రములను కాల్చివేయును.

కట్ట మంచిది, కాలువ మంచిది. మిగిలినది రాత్రి తోడుకొనువాడు.

అతనిని పట్టు విధమిది. బానెటు తెఱచి, తలుపులన్నియు మూసి, తాళముచెవి దూరముగ నుంచి, బ్యాటరీ నల్లతీగను విప్పి, మీటరులో పది యాంపియర్ల రంధ్రమున ఎఱ్ఱ కడ్డీ దూర్చి, ఆ మీటరును తీగకును టెర్మినలునకును నడుమ కట్టవలెను. అప్పుడు కారు త్రాగు విద్యుత్తంతయు మీటరు గుండ పోవును. ఈ స్థితిలో సెల్ఫు త్రిప్పరాదు, పెద్దదీపములు వేయరాదు. మీటరు లోపలి ఫ్యూజు కాలిపోవును. మొదట కొంత యెక్కువ చూపును, బెదరనక్కఱలేదు. గణకయంత్రములు నిదురపోవుటకు అరగంట, కొన్ని కార్లలో నంతకంటె నెక్కువ, పట్టును. మేము కాఫీ త్రాగి, కూలీల కరవును గూర్చి మాటలాడుకొని, నలువది నిమిషములకు వచ్చి చూచితిమి. మీటరు 0.45 యాంపియరు చూపుచున్నది. ఉండదగిన దానికి తొమ్మిదింతలు!

అటుపిమ్మట ఫ్యూజుల పెట్టె తెఱచి ఒక్కొక్క ఫ్యూజును తీయుట, మీటరు చూచుట, మరల నచ్చటనే పెట్టుట. హారనుది తీసిన మార్పు లేదు. పాటలపెట్టెది తీసిన అణుమాత్రము తగ్గినది. లోపలి దీపముల ఫ్యూజు తీయగానే 0.45 కాస్తయు 0.03కు పడెను! ఎలక్ట్రీషియను కుఱ్ఱవాడు, "దొరికినాడు మాస్టారూ!" అని కేక వేసెను. కాని ఆ ఫ్యూజు క్రింద దీపములు మూడున్నవి. పైకప్పు దీపము ఆరియున్నది కంటికి కనబడుచున్నది. చేతిపెట్టెలోని దీపము గూడ నట్లే. ఇక డిక్కీలోని దీపము. డిక్కీ మూసినపుడది ఆరునో ఆరదో చూచుట యెట్లు? తెఱచిన నెట్లును వెలుగును గదా! మనవాడు సెల్‌ఫోనులో చలనచిత్రము తీయుట మొదలుపెట్టి, దానిని డిక్కీలో నుంచి, మూసి, తెఱచి, మాకు చూపెను. మూసిన డిక్కీలో దీపము దివ్యముగా వెలుగుచున్నది. ఆ గాజుబుడ్డి వేలితో ముట్టిన చుఱుక్కుమన్నది.

కారణమునకు కారణము గూడ అచ్చటనే కనబడినది. రెండేండ్ల క్రిందట ఆ కారులో మిరపకాయల టిక్కీ నొకదానిని డిక్కీలో కుక్కి మూత బలవంతముగ నొత్తియుండిరి. అప్పుడు మూతను పట్టు కొక్కెము వంగినది. మూత పడుచున్నది గాని, దీపము నార్పు మీట పూర్తిగా నొక్కుకొనుట లేదు. ఆ బుడ్డి 5 వాట్లది. పండ్రెండు వోల్టుల మీద నది త్రాగునది 0.42 యాంపియరు. కారు సహజముగ త్రాగు 0.03 కలిపిన 0.45. లెక్క అణా పైసలతో సరిపోయినది. రెండు దినములనగా 48 గంటలు, 0.45 చొప్పున 21.6 యాంపియరు గంటలు. అతని బ్యాటరీ 45 యాంపియరు గంటలది. సగము పోయినది. క్రొత్త బ్యాటరీయైన ఆ మిగిలిన సగముతో సెల్ఫు త్రిప్పియుండును. పలుమార్లు దిగి పట్టు చోటు తగ్గినదానికి అది శక్యము గాదు.

దినదినము తిరిగినపుడేల దిగలేదని మీరడుగవచ్చును. రాత్రి పోయిన అయిదాఱు యాంపియరు గంటలను పగటి ప్రయాణము తీర్చుచున్నది. ఇంకొక భ్రమ గూడ ఇచ్చట తొలగవలెను. బ్యాటరీ దిగినపుడు మఱొక కారునుండి తీగలు తగిలించి లేపి, ఒక గంట నడిపిన నిండినదని తలంతురు. దిగిన బ్యాటరీ నిండుటకు గంట చాలదు. మొదట వేగముగ నెక్కి, పోనుపోను మెల్లగ నెక్కును. పూర్తిగ నిండవలెననిన రాత్రియంతయు చార్జరు మీద నుంచుటయే మేలు.

అట్లు తీగలు తగిలింపవలసి వచ్చినచో, ఎఱ్ఱతీగ దిగిన బ్యాటరీ ఎఱ్ఱ టెర్మినలుకు, దాని రెండవ కొన మంచిదాని ఎఱ్ఱ టెర్మినలుకు. నల్లతీగ మంచిదాని నల్ల టెర్మినలుకు, దాని రెండవ కొన దిగిన కారు ఇంజనుపై బ్యాటరీకి దూరముగ నున్న లోహమునకు. త్రోసి లేపుట పాతకాలపు మాట. గేరు తానై మాఱు కార్లకది పనికిరాదు. తక్కిన క్రొత్త కార్లలో గూడ బ్యాటరీ బొత్తిగా దిగినచో పెట్రోలు పంపునకును గణకయంత్రమునకును విద్యుత్తు లేక, ఊరివారందరు త్రోసినను లేవదు.

అన్ని కార్లలో దొంగ డిక్కీలోనే యుండడు. తాళముచెవితో సంబంధము లేని తీగకు తగిలించిన పాటలపెట్టెలు, అప్పిచ్చినవారు బిగించిన జాడతెలుపు పెట్టెలు, చార్జింగు గూటిలో మఱచిన సాధనములు, ఇవి తఱచు కనబడునవి. పొలాల ప్రక్కన నిలుపు కార్లలో ఎలుకలు తీగల పైతొడుగు కొఱికి, లోపలి రాగి బాడీకి తగులుచుండును. ఫ్యూజులన్ని తీసినను మీటరు దిగకున్నచో ఆల్టర్నేటరులోని డయోడు కారుచున్నదేమో యని దాని లావుతీగ విప్పి చూడవలెను. విప్పుటకు ముందు బ్యాటరీ నల్లతీగను తొలగించి, లావుతీగ కొన బాడీకి తగులకుండ గుడ్డ చుట్టి, పిదప మీటరును మరల కట్టుడు. అది నలుగురు పోగై చేయుపని కాదు, మెకానిక్కుకు విడుచుడు. వేడిమి మాట వేఱు. రెంటచింతల యెండలు మన మెఱుగనివి కావు. అట్టి యెండలో బ్యాటరీ నీరు త్వరగా తగ్గి, రేకులు లోలోపల తినివేయబడును. చలిదేశములలో అయిదాఱేండ్లు వచ్చునది మనకు మూడు నాలుగేండ్లే వచ్చిన దుకాణమువానిని దూఱనక్కఱలేదు. మూతలు గలదానికి నెలకొకమారు డిస్టిల్డు వాటరు పోయవలెను. బోరు నీరు పోయరాదు. మన బోర్లలోని లవణములు రేకులకు విషము.

నా శిష్యుడు ఆ వంగిన కొక్కెమును సుత్తితో సరిచేయించెను. కుఱ్ఱవాడు డబ్బు తీసికొనలేదు. బలము తగ్గిన ఆ బ్యాటరీ మాత్రము కోలుకొనలేదు. చార్జింగు మీద ఆఱు నెలలు నెట్టుకొని వచ్చి, ప్రత్తి అమ్మిన తరువాత క్రొత్తది వేయించెను. అది వేసి ఇప్పటికి రెండు వానకాలములు గడచినవి. సోమవారము, గురువారము నాలుగు గంటలకు వృద్ధురాలింటి ముందర కారు హారను వినబడుచునే యున్నది.

ట్రాక్టరు గలవారికొక మాట. దుక్కులు ముగిసి నెలలకొలది కొట్టములో నిలుపునపుడు నల్లతీగ విప్పి యుంచుడు. నెలకొకమారు చార్జరు మీద నెక్కించుడు. చచ్చిన బ్యాటరీని గట్టుమీద పాఱవేయుటయు, ఆమ్లము బోదెలో క్రుమ్మరించి సీసము కఱగించుటయు నేను చూచియున్నాను. ఆ సీసము పిల్లల మెదడుకు చేటు. పాత బ్యాటరీలను తిరిగి చేర్చుటకు 2001లోనే నియమములు వచ్చి, 2022లో క్రొత్తవి యేర్పడినవి. అమ్మిన దుకాణమునకే యిచ్చిన క్రొత్తదాని వెలలో కొంత తగ్గింతురు; ఆ తగ్గింపును చీటీలో వ్రాయించుకొని మఱి రండు.